పరదేశసేవ – గృహజీవనము



మన సంఘ వార్షిక సభల సందర్భమున వెలువడు సంచికలయందు చరిత్రవ్యాస మనగా శాసనములు, దానములు, బిరుదులు, వంశకర్తల పేర్లు కన్పట్టుట వాడుక. అవి వలసినవే. వానిని సేకరించిన పెద్దల శ్రమకు మన మందఱము ఋణపడియున్నాము. కాని యీ యేటి సంచికకు మేము వ్రాయబూనిన చరిత్ర వేఱొక తెఱగునది. ఇందు కోటలు లేవు. ఓడలు, బడులు, ఉత్తరములు, ఒంటరి యిండ్లు కలవు. తాము నమ్మిన కార్యముకొఱకు దూరదేశములకు పోయినవారు తమ సంసారములను ఎట్లు నడపుకొనిరి, వారి భార్యలును బిడ్డలును ఏమి పడిరి యనునదే మా విషయము. దానికి క్రైస్తవ మిషనరీల కుటుంబముల కథను ఎంచుకొంటిమి. ఆ కథ మన సభకు ఎట్లు సంబంధించునో ముందుగా మనవి చేయుదుము.

గడచిన యేడు సంఘసభ్యుల వివరముల పుస్తకమును క్రొత్తగా కూర్చుటకై మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతములలోని మనవారి యిండ్లకు తిరిగితిమి. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు మాదాపురమున సైబర్ టవర్సు భవనమును ప్రారంభించిరి. అంతకుముందు ఆ ప్రాంతము రాతిగుట్టలును, బీడునేలయును, నడుమనడుమ చిన్నపల్లెలును. నేడు హైటెక్ సిటీ యన నెఱుగనివారు లేరు. మన జిల్లాలనుండి పొలములమ్మియో, పొలములు కౌలున కిచ్చియో పిల్లల చదువులకై వచ్చినవారు అచ్చట స్థిరపడిరి. ఆ పిల్లలు చదివి, ఉద్యోగములలో చేరి, కొంతకాలమునకు సముద్రములు దాటిరి. ఇండ్లు మిగిలినవి, ఇండ్లలో పెద్దలు మిగిలిరి.

అట్టి యొక యింట, పండ్రెండవ యంతస్తున, ఒక వృద్ధురాలు మే మిచ్చిన వివరముల కాగితమును కండ్లద్దములు పెట్టుకొని మెల్లగా చదివెను. కుమారుని పేరు, విద్య, ఉద్యోగము, ఉన్న దేశము – ఇన్ని గడులను నింపిన పిమ్మట కాగితమును త్రిప్పి వెనుకవైపు చూచెను. అటు ఏమియు లేదు. “నాయనా, మావాడు ఏ దేశమున నున్నాడో వ్రాయుటకు చోటున్నది. వానివెంట పోవుటకు కోడలు తన ఉద్యోగము మానుకొన్నది. అది వ్రాయుటకు చోటేది? మనుమరాలికి నా మాట తెలియదు, నాకు దాని మాట తెలియదు. అది యెక్కడ వ్రాయవలెను?” అని యడిగెను. ఆ కాగితమును అచ్చొత్తించినది మేమే. మాకు సమాధానము తోచలేదు. కాఫీ త్రాగి, నమస్కరించి, వచ్చివేసితిమి.

ఆ ప్రశ్నయే మమ్ము పాతపుస్తకముల కడకు త్రోలినది. జీతముకొఱకు కాక, ఒక నమ్మకముకొఱకు దూరదేశమున నేండ్లకొలది కాపురముండి, ఆ కాపురమును గూర్చి విరివిగా వ్రాసికొన్నవా రెవరని వెదకగా మిషనరీలు కనబడిరి. వారి మతబోధయందలి మంచిచెడ్డలను నిర్ణయించుట యిచ్చట మా పని కాదు. వారి గృహములనుండి మనము నేర్వదగిన దేమైన గలదా యని మాత్రమే చూతము.

మచిలీబందరున రెండు త్రోవలు

1841వ సంవత్సరమున చర్చి మిషనరీ సొసైటీవారు రాబర్టు నోబులు, హెన్రీ వాట్సను ఫాక్సు అను నిరువురిని ఇంగ్లండునుండి తెలుగుదేశమునకు పంపిరి. ఇరువురును మచిలీబందరున పని ప్రారంభించిరి. నోబులుగారు 1843లో నొక పాఠశాలను స్థాపించిరి. అదియే పిమ్మట నోబులు కళాశాలగా పేరుగాంచినది. ఫాక్సుగారు తెలుగు నేర్చి గ్రామములవెంట తిరిగి బోధించిరి. పూనిక యొక్కటే, గృహజీవనమున మాత్రము ఇరువురి త్రోవలు వేఱు. నోబులుగారు వివాహ మాడలేదు. తన కాలమంతయు పాఠశాలకే ధారపోసి 1865లో మచిలీబందరుననే కన్నుమూసిరి. ఫాక్సుగారు భార్య ఎలిజబెత్తుతో వచ్చి, ఇచ్చటనే బిడ్డలను గని కాపురము చేసిరి.

సూయజు కాలువ తెఱువబడినది 1869లో. అంతకుముందు ఆఫ్రికాఖండమును చుట్టిపోవు ఓడలకు నెలలు పట్టెడిది. ఇంట నొకరు జబ్బుపడిన వార్త పోయి, ఓదార్పు మాట తిరిగి వచ్చులోపల నా జబ్బు నయమైనను కావలెను, ప్రాణము పోయినను పోవలెను. 1845లో ఎలిజబెత్తుగారి యారోగ్యము చెడగా భార్యాబిడ్డలను స్వదేశమునకు చేర్పదలచి ఫాక్సుగారు చెన్నపట్టణమున ఓడ నెక్కిరి. ప్రయాణారంభముననే ఆమె మరణించెను. పసిబిడ్డ యొకడును దక్కలేదు. మిగిలిన బిడ్డలతో నాయన ఇంగ్లండు చేరి, 1846లో వారిని విడిచి మరల తెలుగుదేశమునకు వచ్చిరి. కాని తన శరీరమును నిలువలేదు. 1848లో స్వదేశమునకు మరలి, ఆ యేడే గతించిరి.

ఈ రెండు జీవితములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు ఒకటి తోచును. సంసారము లేని నోబులుగారికి ఇరువదేండ్లకు పైబడిన పని సాగినది. సంసారమున్న ఫాక్సుగారి పని ఏడేండ్లలో ముగిసినది. పని లెక్కలు మాత్రమే చూచువాడు ఫాక్సుగారి యింటిని ఆటంక మనును. కాని తెలుగు గ్రామములలో భార్యాబిడ్డలతో కాపురముండి కష్టసుఖములు పడిన మనుష్యుడు ఆ గ్రామముల తల్లిదండ్రుల దుఃఖమును ఇంకొకవిధముగ నెఱిగి యుండడా? పనికి సంసారము అడ్డమా, ఆలంబనమా యను ప్రశ్న నేటి మన యువకులును అడుగుకొనుచున్నదే.

అదే యూర వేఱొక దుఃఖమును చూడవలెను. 1852లో నోబులుగారి పాఠశాలలో చదువుచున్న పైకులముల విద్యార్థు లిరువురు బాప్తిస్మము పొందిరి. ఊరు అట్టుడికినది. తలిదండ్రులు తమ పిల్లలను బడినుండి మాన్పించిరి; నిన్నటివఱకు నిండుగా నున్న పాఠశాల శూన్యమైనది. మతము మారిన కుమారుడు ఆ కాలమున తల్లి పంక్తిని కూర్చుండి యన్నము తినుటకు వీలులేదు. వాడు బ్రతికియుండగనే ఇంటికి లేనివాడయ్యెడివాడు. సముద్రముపై భార్యను పోగొట్టుకొన్న పరదేశి యొకవంక, అదే వీధిలో నున్న కుమారుని పోగొట్టుకొన్న తెలుగు తల్లి యొకవంక. మిషను చరిత్రకారులు మొదటి దుఃఖమును వ్రాసిరి. రెండవ దుఃఖమును వ్రాయవలసిన వారము మనము. మన కులచరిత్రలలో నది యెంతమాత్రము చోటు పొందినదో మనలను మనమే ప్రశ్నించుకొనవలెను.

బిడ్డల చదువు

పరదేశమున పనిచేయు మిషనరీలకు బిడ్డలు ఐదాఱేండ్లవా రగుసరికి గొప్ప చిక్కు వచ్చెడిది. ఎండలకును, జ్వరములకును వెఱచి, స్వదేశపు చదువులు చెప్పించు కోరికచే, వారు పిల్లలను స్వదేశమునకు పంపివేసెడివారు. ఇంగ్లండున లండను సమీపమునందలి వాల్తమ్‌స్టో గ్రామములో మిషనరీల కుమార్తెలకై 1838లోను, కుమారులకై 1842లోను వసతిపాఠశాలలు వెలసినవి. ఇట్టి బడులకు ప్రత్యేకముగ పుట్టవలసిన యవసర మేర్పడినదనగా, ఎంతమంది బిడ్డలు తలిదండ్రులకు దూరముగ పెరిగిరో యూహింపవచ్చును. తరువాతి కాలమున బిడ్డలను ఈ దేశముననే యుంచుకొనదలచిన యమెరికా మిషనరీలు 1901లో కొడైకెనాలు కొండమీద బడి నెలకొల్పిరి. అచ్చటనైనను తల్లిదండ్రులు మైదానమున, బిడ్డలు కొండమీద. ఏటికి కొన్ని వారములే కూడియుండుట.

తెలుగునేలను పుట్టిన తెల్లవారి బిడ్డలకు తొలిపలుకులు తఱచుగా ఆయా నోట వచ్చినవే. తల్లి బడికో, వైద్యమునకో పోగా, ఇంటనుండి వారి కన్నము పెట్టి జోలపాడినది తెలుగు స్త్రీ. ఆ బిడ్డ ఏడేండ్లప్పుడు ఓడ నెక్కి పోయినపుడు తల్లికి దుఃఖము కలిగినట్లే ఆయాకును కలిగియుండును. తల్లి దుఃఖము ఉత్తరములలో మిగిలినది. ఆయాకు వ్రాత రాదు. ఆమె పేరుకూడ పెక్కు పుస్తకములలో లేదు.

మన చిత్తూరు జిల్లాకు పొరుగున, నేటికిని మనవారు వైద్యమునకై పోవు వేలూరి కథలోను ఇట్టి గృహదుఃఖమే మూలమున నున్నది. ఇడా స్కడ్డరుగారు 1870లో రాణిపేటలో పుట్టిరి. ఆమె తాతయు తండ్రియు మిషనరీ వైద్యులే. కుటుంబము అమెరికాకు పోయిన పిమ్మట తండ్రి తిరిగి ఇండియాకు రాగా, కొంతకాలమునకు తల్లియు ఆయన వెంట పోవలసివచ్చి, బాలికయగు ఇడాను షికాగోలోని బంధువుల యింట విడిచిపోయెను. తల్లిలేని యింట ఆ పిల్ల యేడ్చిన యేడ్పును ఆమె చరిత్ర వ్రాసినవారందఱు చెప్పుదురు. తాను మాత్రము ఎన్నడును మిషనరీ జీవితమున కాలు మోపనని యామె నిశ్చయించుకొన్నది.

చదువు ముగిసిన పిమ్మట తల్లి జబ్బుపడెనని విని, చూచి పోవుటకే తిండివనమునకు వచ్చెను. అచ్చట నొక రాత్రి ముగ్గురు గృహస్థులు ఒకరి తరువాత నొకరు వచ్చి, ప్రసవవేదనలో నున్న తమ భార్యలను చూడుమని యర్థించిరి. ఆమె వైద్యురాలు కాదు. తండ్రిని పిలుతునన్న, పరపురుషుడు చూడరాదని మువ్వురును మరలిపోయిరి. తెల్లవాఱుసరికి ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఇడా అమెరికాకు పోయి వైద్యము చదివి వచ్చి, 1900లో వేలూర చికిత్స ప్రారంభించిరి. 1918లో స్త్రీలకై వైద్యపాఠశాల తెఱచిరి. విడిచిపెట్టబడిన బిడ్డ నోట నుండి వచ్చిన “రాను” అను మాట నిజమైనదే. తిండివనపు రాత్రి తరువాత వచ్చిన “వత్తును” అను మాటయు నిజమైనదే. మొదటిదానిని కప్పిపుచ్చి రెండవదానినే చెప్పిన చరిత్ర సగము చరిత్ర.

మెదకు, డిచ్‌పల్లి

ఇక మన తెలంగాణమునకు వత్తము. సైబర్ టవర్సునుండి కారులో రెండుమూడు గంటలలో చేరదగిన మెదకున 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన పెద్దచర్చిని చూడని హైదరాబాదీయులు తక్కువ. దానిని కట్టించిన చార్లెసు వాకరు పాస్నెట్టుగారి పేరు అందఱును చెప్పుదురు. కఱవు దినములలో బీదలకు పని కల్పించి కట్టించిన దందురు. ఆయన సోదరి ఎమిలియా పాస్నెట్టుగారును, ఆమె సహచారిణి సారా హారిసుగారును అదే మెదకున స్త్రీలకు వైద్యసాహాయ్యము చేయుచు నుండిరని ఎంతమంది యెఱుగుదురు? గోపురము కంటికి కనబడును. రాత్రివేళ పల్లెకు పోయి పురుడుపోసిన చేయి కంటికి కనబడదు.

నిజామాబాదు చేరువను డిచ్‌పల్లిలో కుష్ఠరోగుల యాసుపత్రి కలదు. వెస్లియన్ మెథడిస్టు మిషనునకు చెందిన జార్జి కెర్రుగారును, ఆయన భార్య ఇసబెల్ కెర్రుగారును 1907లో హైదరాబాదు రాజ్యమునకు వచ్చిరి. ఇసబెల్‌గారు స్కాట్లండున వైద్యపట్టము పొందినవారు. నిజామాబాదున రోగులను చూచుచుండగా కుష్ఠరోగులు వచ్చి నిలువ నీడ లేక తిరిగిపోవుట ఆమె మనస్సును కలచినది. 1915లో డిచ్‌పల్లి యాసుపత్రి వెలసినది. రాజా నర్సాగౌడుగారు ధనసాహాయ్యము చేసిరి. హైందవుడగు ఒక తెలుగు ధర్మదాత చేయూతతో క్రైస్తవ వైద్యురాలి సంకల్పము నిలిచినది. ఆ కాలమున చాల్‌మూగ్రా జాతి నూనెను సూదిమందుగ నిచ్చుటయే కుష్ఠమునకు తెలిసిన చికిత్స. ఆ నొప్పిగల సూదులను ఓపికతో నిచ్చి, రోగులను ఊరుగ కూర్చి, పొలము పనులు నేర్పి, వారిని మరల మనుష్యులను చేయుటకు ఆమె పాటుపడెను.

ఇచ్చట గమనింపదగిన దొకటి కలదు. ఆనాటి మిషను సంఘముల లెక్కలలో ఉద్యోగి భర్త, జీతము భర్తకు. భార్య వెంట వచ్చినది. ఆమె బడి పెట్టినను, రోగులను చూచినను, అదంతయు భర్త పనికి తోడ్పాటుగనే చెల్లెడిది. ఇసబెల్‌గారి వంటివారు తమ పనియొక్క బలమున పేరు నిలుపుకొనిరి. అట్టి పట్టములు లేక, వంటయింట, బడియింట, రోగి మంచముకడ నుండిన తక్కినవారు పద్దులలో “ఆయన భార్య” యను మాటగ మిగిలిరి. మేము అచ్చొత్తించిన కాగితమునకును ఆ పద్దులకును భేదమేమున్నది?

నాటాలునకు పోయిన తెలుగు కుటుంబము

ఇంతవఱకు మన దేశమునకు వచ్చినవారి కథ. మననుండి పోయినవారి కథ యొకటి కలదు. మన సభలలో దానిని చెప్పగా మేము వినలేదు.

దక్షిణాఫ్రికాలోని నాటాలు చెఱకుతోటలకు మదరాసునుండి తొలిసారిగ ఒడంబడిక కూలీలను కొనిపోయిన ట్రురో యను ఓడ 1860 నవంబరు 16న డర్బను చేరినది. 1911లో ఆ రాకపోకలు నిలుచునప్పటికి లక్షయేబదివేలకు పైగా భారతీయులు నాటాలు చేరిరి. అందు అధికభాగము మదరాసు రాజధానినుండి పోయిన తమిళులును తెలుగువారును. ఐదేండ్ల యొడంబడిక, దానినే వారు గిర్మిటు అనిరి. నూర్గురు పురుషులకు నలువదిమంది స్త్రీలు చొప్పున పంపవలెనని నియమము. ఇట్టి లెక్కతో ఒక జాతిని దేశము దాటించినప్పుడు సంసారములు ఎట్లుండునో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఓడలోను, తోటల బారకాసులలోను కులభేదములు పాటించుటకు చోటే లేదు. గిర్మిటు తీఱినవారు ఆ దేశమున నిలువదలచిన, 1895 నాటి చట్టము ప్రకారము తల కొకటికి ఏటికి మూడు పౌనుల పన్ను. ఆ పన్ను పదునాఱేండ్లు దాటిన కుమారునిపైనను, పదమూడేండ్లు దాటిన కుమార్తెపైనను పడెడిది. ఆడపిల్ల పెరుగుట అప్పు పెరుగుటయే.

ఆ తోటలలో బాప్టిస్టు మతమును స్వీకరించిన తెలుగు కుటుంబములు కొన్ని యుండెను. 1840లో నెల్లూర అమెరికను బాప్టిస్టులు ఆరంభించిన మిషనులోని వారే అవి. ఆ కుటుంబములకు తెలుగున బోధించుటకై తెలుగు బాప్టిస్టు హోమ్ మిషనరీ సొసైటీవారు 1903లో జాన్ రంగయ్యగారిని పంపిరి. ఆ సొసైటీ తెలుగు సంఘముల చందాలతో నడచునది. అనగా, దొరలు మనకు మిషనరీలను పంపుచుండిన దినములలోనే మన పేదసంఘములవారు పైసపైస కూర్చి వేఱొక ఖండమునకు తమ మిషనరీని పంపిరి. రంగయ్యగారు భార్యాబిడ్డలతో బయలుదేఱిరి. ఆ యేడు డిసెంబరు 27న స్టాంగరు సమీపమున తేయాకుతోటలున్న కియర్స్నీలో తొలి తెలుగు బాప్టిస్టు సంఘమును స్థాపించిరి. 1915లో మరణించువఱకు, పండ్రెండేండ్లు, తోటలు తోటలు తిరిగి సంఘములను కట్టిరి. పిమ్మట కాలమున ఆయన కుమారుడు థియోఫిలస్ రంగయ్యగారును అదే పనికి పూనుకొనిరి.

ఈ కుటుంబము స్థితి ఫాక్సుగారి స్థితివంటిది కాదు. మచిలీబందరున ఫాక్సుగారు పాలకజాతివారు. ఆయన యింటికి నౌకరులు, ఆపదలో దొరతనమువారి యండ. నాటాలున రంగయ్యగారు పాలితజాతివారు. ఆయన చదువు, ఆయన పదవి యెట్టివైనను, వీధిలో తెల్లవాని కన్నులకు ఆయన కూలీజాతివాడే; ఆయన భార్య కూలీజాతి స్త్రీయే. అట్టిచోట తెలుగు కాపురము పెట్టి, తెలుగున ప్రార్థన చేయించి, బిడ్డలను తెలుగువారుగ పెంచుట యనునది ఏ ప్రసంగముకంటెను తక్కువ పని కాదు. తండ్రి మరణించిన పిమ్మట కుమారుడు ఆ పనినే చేపట్టెననగా, ఆ యింట ఆ పనిని ప్రేమించుట నేర్పినవా రుండవలెను. తండ్రి తోటలవెంట తిరుగునప్పుడు ఇంటనుండి నేర్పినది తల్లియే యని మేము తలతుము.

1913 మార్చి 14న కేపు సుప్రీముకోర్టున సెర్లు అను న్యాయాధిపతి యొక తీర్పు చెప్పెను. బహుభార్యాత్వమును అంగీకరించు మతాచారముల ప్రకారము జరిగిన వివాహములు ఆ దేశమున చెల్లవని దాని సారము. ఒక్క తీర్పుతో వేలకొలది హిందూ మహమ్మదీయ గృహిణులు చట్టము దృష్టిలో భార్యలు కాకపోయిరి. క్రైస్తవ కుటుంబముల వివాహములు చెల్లినవి. పొరుగింటి తెలుగు హిందూ కుటుంబపు వివాహము చెల్లలేదు. అంతవఱకు సత్యాగ్రహమున వెనుకనుండిన స్త్రీలు అప్పుడు ముందునకు వచ్చిరి. కస్తూరిబాగాంధిగారు చెఱకు పోయిరి. మూడు పౌనుల పన్నుకై గనులలోను, తోటలలోను కూలీలు పనులు మానిరి. 1914 నాటి చట్టముతో పన్ను పోయినది, వివాహములు మరల అంగీకరింపబడినవి. మగవాని కూలికై మొదలైన వలస, చివరకు ఆడుదాని మంగళసూత్రమునకు విలువ కలదా లేదా యను పోరాటమైనది. పరదేశమున సంసారము ఇంటిలోని మాట మాత్రమే కాదు. ఆ దేశపు చట్టముతోడి మాటయు.

నాటాలు తెలుగువారు 1931లో ఆంధ్రమహాసభను స్థాపించుకొని తమ భాషను, ఆచారములను నిలుపుటకు పాటుపడిరి. తరములు గడచినకొలది ఇంటిభాష ఆంగ్లమైనది. నాయుడు, రెడ్డి మొదలగు పేళ్లు ఆ గడ్డయొక్క వర్ణక్రమములో నేటికిని వినబడుచున్నవి. ఆ పేళ్ల వెనుకనున్న తల్లుల యూళ్లపేళ్లు చాలవఱకు పోయినవి.

మన కర్తవ్యము

ఇప్పుడు మరల కొండాపురపు పండ్రెండవ యంతస్తునకు వత్తము. మన పిల్లలు మతబోధకు పోవుటలేదు, తోటపనికి పోవుటలేదు. గౌరవమైన ఉద్యోగములపై పోవుచున్నారు. అయినను గృహమునకు కలుగు ధర్మసందేహములు అవియే. అమెరికాలో హెచ్-1బి యనుమతిపై పనిచేయువాని భార్యకు హెచ్-4 యనుమతి. చిరకాలము దానిపై ఉద్యోగము చేయుటకే వీలులేకుండెను; 2015లో కొన్ని నిబంధనలకు లోబడి కొందఱకు వీలు కల్పించిరి. ఇంజనీరింగు పట్టములు పొందిన మన ఆడుబిడ్డలు ఎందఱో ఏండ్లకొలది ఇంట కూర్చుండిరి. వారిని గూర్చి మన పుస్తకములలో “ఫలానావాని భార్య” యని మాత్రమే వ్రాసితిమి. వెంట పోయిన బిడ్డలకు ఇరువదియొక్క యేండ్లు నిండినతోడనే ఆ యాధారము తొలగును; ఇంటివారి కాగితము లింకను తేలక, పెరిగిన గడ్డ విడువవలసిన భయమున్న యిండ్లు మనవారిలో కలవు. ఇక్కడి పెద్దలకు రాత్రి పదిగంటలకు తెరమీద మనుమని ముఖము కనబడును. ఫాక్సుగారి కాలమున నెలలు పట్టిన వార్తకు నేడు క్షణము చాలును. కాని తల నిమురుటకు చేయి మాత్రము నాడు చాలలేదు, నేడును చాలదు.

ఒక యాక్షేపణ వినవచ్చును: “పోయినవారు తమ యిష్టముచే పోయిరి, వచ్చిన లాభము ననుభవించుచున్నారు, ఇందు విచారింప నేమున్నది?” అని. లాభము నిజమే. ఆ ధనముతోనే మన విద్యార్థివసతిగృహములకు చందాలు వచ్చినవి. ఈ సభయు నడచుచున్నది. మేము పోరాదనుట లేదు. నోబులుగారివలె ఒంటరిగ నుండుమనియు, ఇల్లు విడువకుమనియు చెప్పుట లేదు. సేవయైనను, ఉద్యోగమైనను, దాని వెల నెవరు చెల్లించుచున్నారో లెక్కలో వ్రాయుమనుచున్నాము. వెల నొకరు చెల్లించి, పేరు వేఱొకరు పొందిన చరిత్ర న్యాయమైనది కాదు.

కావున సభవారి యెదుట మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది: సంఘసభ్యుల వివరముల కాగితమును మార్పవలెను. తల్లి, భార్య, కుమార్తె, కోడలు – వీరి పేళ్లు, పుట్టినయిండ్లు, చదువులు, చేసిన పనులు, మానుకొన్న పనులు అన్నిటికిని గడులుండవలెను. వంశవృక్షములలో కొమ్మలకు పురుషుల పేళ్లే వ్రాయు నాచారము ఈ సంచికతో ముగియవలెను. రెండవది: హైటెక్ సిటీ ప్రాంతమున ఒంటరిగ నున్న మన పెద్దలను వారమున కొకపరియైన చూచివచ్చుటకు, ఆసుపత్రికి తోడుపోవుటకు, అచ్చటి యువజనశాఖవారు పూనుకొనవలెను. డిచ్‌పల్లిలో పరాయిదేశపు స్త్రీ పరాయి రోగికి చేసినది, మనము మనవారికి చేయలేమా? మూడవది: విదేశములనుండి వేసవికి వచ్చు పిల్లలకు కొన్నిదినములు తెలుగు చెప్పుట, వారిచే అవ్వల, తాతల కథలు వ్రాయించుట. ఆయాల కథలు పోయినట్లు, నాటాలు తల్లుల యూళ్లు పోయినట్లు, ఇవి పోరాదు.

ఈ వ్యాసము వ్రాయుటకు ముందు మేము మరల ఆ వృద్ధురాలి యింటికి పోయితిమి. ఈసారి అచ్చుకాగితము కాక తెల్లకాగితము తీసికొనిపోయితిమి. ఆమె చెప్పగా మేము వ్రాసితిమి. పుట్టిన యూరు, తల్లి పేరు, తాను చదివిన తరగతి, కుమారుని చదువునకై అమ్మిన గొలుసు బరువు, కోడలు మానుకొన్న ఉద్యోగము, మనుమరాలికి వచ్చిన నాలుగు తెలుగు మాటలు – అన్నియు చెప్పినది. కాగితమునకు రెండు ప్రక్కలును నిండినవి. క్రొత్తపుస్తకమున ఆ యింటి పుట యిట్లే యుండవలెనని మా కోరిక. మన బంధువు లందఱు తమతమ యిండ్ల తెల్లకాగితములను నింపి సంఘకార్యాలయమునకు పంపుదురు గాక యని ప్రార్థించుచు, సభ జయప్రదముగ జరుగవలెనని కోరుచు విరమించుచున్నాము.